యాత్రయా, బేరమా?

మన పెద్దలకంటె మనము పదిరెట్లు తిరుగుచున్నాము; వారు తెలిసికొన్నదానిలో పదియవ పాలైనను తెలిసికొనుటలేదు. కాలినడకను, ఎడ్లబండ్లమీదను నెలలకొలది పోయినవారు తిరిగివచ్చునప్పటికి దారిలోని ఊళ్లు, నీళ్లు, ధరలు, దొంగలభయము, సత్రముల మంచిచెడ్డలు వారికి కంఠస్థమై యుండెడివి. మనము తెల్లవారుజామున మోటారులో బయలుదేరి, చీకటిపడులోపల నాలుగు స్థలములు ముగించి, ఇల్లు చేరి, ఎన్ని చూచితిమో లెక్క చెప్పుకొనుచున్నాము. ఏమి చూచితివని ఇంటిలోని చిన్నవాడడిగిన చెప్పుటకు మాట లేదు. చేతిలోని ఫోనులో బొమ్మలున్నవి. నోటిలో ప్రసాదపు రుచి యున్నది. బుద్ధికి మాత్రము ఏమియు దక్కలేదు.

నేటి యాత్రలు రెండు తెగలు. ఒకటి వినోదము, రెండవది మ్రొక్కుబడి. వినోదయాత్రికుడు రొక్కమిచ్చి కనులపండువును కొనుచున్నాడు. మ్రొక్కుబడి యాత్రికుడు కొబ్బరికాయనో, తలవెండ్రుకలనో, చాదరునో ఇచ్చి ఉద్యోగమును, సంతానమును, రోగవిముక్తిని కొనజూచుచున్నాడు. ఇద్దరిదియు బేరమే. ఇద్దరును తామిచ్చినదానికంటె ఎక్కువ పుచ్చుకొనవలెనని పోవువారే. యాత్రవలన తమకేమి వచ్చునని యోచించువారు వేలకొలది గలరు. యాత్రవలన ఆ ఊరికి, ఆ దారికి, ఆ దారిని నడచువారికి తామేమి ఇచ్చితిమని యోచించువారు అరుదు. ఈ బేరపుబుద్ధి యాత్రను చెరచుచున్నదనియు, కర్నూలు కడప సీమలందు అది మిక్కిలి నష్టము కలిగించుచున్నదనియు మా వాదము.

ఈ సీమనే యేల పేర్కొనుచున్నామో చెప్పెదము. ఇది వానలు తక్కువైన నేల. గోదావరి కృష్ణా డెల్టాలవలె పంటసిరిచేత ఇచ్చటి పట్టణములు పెరిగినవి కావు. వీనిని పెంచినది దారి. నల్లరేగడి యందలి ప్రత్తి, జొన్నగిరి రామళ్లకోట ప్రాంతములందు దొరకిన వజ్రములు, పడమటి రేవులలో దిగి విజయనగరమునకు నడచిన అరబ్బీ పారశీక గుఱ్ఱములు, తూర్పుతీరపు అద్దకపు బట్టలు, ఇవన్నియు ఈ పీఠభూమి అంచులనంటిన త్రోవలవెంట చేతులు మారినవి. నది దాటుటకు వీలైనచోట ఊరు పుట్టినది. కనుమ ఎక్కుటకు వీలైనచోట కోట పుట్టినది. ఊళ్ల పేళ్లే ఈ సంగతిని చాటుచున్నవి. ఆలంపురము గుడులకు రాళ్లు తోలిన బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఇరుసులకు కందెన పూసికొన్న తావు గనుక కందెనవోలు, అదియే కర్నూలు అయ్యెనని జనులు చెప్పుదురు. ఉత్తరమునుండి తిరుమలకు పోవువారికి గడప గనుక కడప యయ్యెనని చెప్పుదురు. ఈ వ్యుత్పత్తులను పండితులు అంగీకరింతురో లేదో వారి కే విడిచెదము. తమ ఊరు ఒక బండి ఇరుసువలననో, ఒక వాకిటి గడపవలననో పేరు పొందినదని తలంచు ప్రజ దారియొక్క విలువ నెఱిగిన ప్రజ యని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

ఈ త్రోవలయొక్క ప్రాచీనతకు సాక్ష్యము కర్నూలు మండలమందలి ఎర్రగుడి బండలమీద నున్నది. పత్తికొండకు గుత్తికి నడుమ, క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దియందు అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములవి. అవి ఇచ్చట నున్నవని 1929లో లోకమునకు తెలిసినది. అశోకుని 14 పెద్ద శాసనములును, వానికి తోడు చిన్న శాసనములును ఒక్కచోటనే యున్న స్థలము ఇది. అందు రెండవ శాసనము దారుల మాట చెప్పుచున్నది: దారులవెంట బావులు త్రవ్వించితిననియు, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు చెట్లు నాటించితిననియు రాజు చెప్పుకొనుచున్నాడు. తొమ్మిదవ శాసనము మ్రొక్కుబడుల మాట చెప్పుచున్నది: జనులు రోగము వచ్చినను, పెండ్లియైనను, బిడ్డ పుట్టినను, ప్రయాణము కట్టినను ఏవేవో తంతులు చేయుదురనియు, వానివలన కలుగు ఫలము స్వల్పమనియు, సేవకులయెడ దయ, గురువులయెడ గౌరవము, ప్రాణులయెడ నిగ్రహము, దానము, ఇవియే గొప్ప ఫలమిచ్చు తంతులనియు దాని భావము. పండ్రెండవ శాసనము మతముల మాట చెప్పుచున్నది: తన మతమునే పొగడుకొని పరమతమును తెగడువాడు తన మతమునకే చేటు తెచ్చుచున్నాడనియు, ఒకరి ధర్మమును ఒకరు వినవలెననియు దాని సారము.

మా పత్రికలవంటి పత్రికలు నూరేండ్లకు పైబడి వ్రాయుచున్నదానినే ఆ బండ రెండువేలయేండ్లకు పైగా ఎండకెండి వానకు తడిసి చెప్పుచున్నది. దారిలో నీరు పెట్టుము. తంతులను విడిచి మంచిని చేయుము. పరుని మాట వినుము. ఈ మూడు మాటలు చాలును. యాత్రికుడు ఈ మూటిలో నొకటియైనను పాటించుచున్నాడా యని మేము అడుగుచున్నాము. ఆ తొమ్మిదవ శాసనమందు పనికిమాలిన తంతులు స్త్రీలే ఎక్కువగా చేయుదురని రాజు నింద మోపెను. ఆ నిందను మేము అంగీకరింపము. ఇంటిలో తనమాట చెల్లని స్త్రీ, తన రోగమునకు వైద్యుడు రాని స్త్రీ, దేవునితోడనైనను బేరమాడక ఎవరితో ఆడును? ఆ తప్పు గృహస్థునిది.

దారి సరకునే తేలేదు, మనుష్యులనుగూడ తెచ్చినది. ఇరాను దేశమున ఇస్ఫహాను ప్రాంతమునందు పుట్టిన మీర్ జుమ్లా వర్తకపు పనిమీద గోలకొండకు వచ్చి, వజ్రముల వ్యాపారమున ధనికుడై, ఓడలు నడిపి, తుదకు గోలకొండ సుల్తానునకు మంత్రియు సేనానియునై గండికోటను పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ తన సరకును చూపుటకు ఆయన యొద్దకు గండికోటకే వచ్చెను. ఆదోనిలో 17వ శతాబ్దమున జామియా మసీదును కట్టించిన సిద్ది మసూదు ఖాను హబషీ, అనగా ఆఫ్రికా ఖండపు అబిసీనియా జాతివాడు. బీజాపురపు రాజ్యభారమును వహించినవాడు. కర్నూలులో హంద్రీ ఒడ్డున గుమ్మటముల క్రింద నిద్రించుచున్న అబ్దుల్ వహాబు ఖానును బీజాపురపు తరపున వచ్చినవాడే. కడపలో పెద్ద దర్గాగా ప్రసిద్ధికెక్కిన అమీన్ పీర్ దర్గాకు మూలపురుషుడు బీదరునుండి వచ్చిన సూఫీ గురువు. ఇరాను, అబిసీనియా, ఫ్రాన్సు, బీదరు, బీజాపురము, ఇన్నిచోట్ల మనుష్యులు ఈ ఎండుసీమలో ఒకరి కాలిజాడలో నొకరు నడచిరి. కడపనుండి ఆదోనివరకు పోవు యాత్రికుడు లోకమునందు సగము చూచినట్లే. చూచువానికి కనులుండవలెను.

అట్టి కనులుగల తెలుగువాడు మనకు లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో పరివారముతో కాశికి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరి, అటనుండి ఉత్తరదేశమునకు పోయి, 1831లో తిరిగివచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. ఆయన భక్తుడు. స్నానములు, దానములు, శ్రాద్ధములు ఒకటియు విడువలేదు. అయినను ప్రతి మజిలీయందును బావి యున్నదా, నీరు మంచిదా, బజారులో ఏమి దొరకును, దారి రాతిదా ఇసుకదా, ఊరిలో ఎవరెవరి ఇండ్లున్నవి యని వ్రాసిపెట్టిరి. తన పిమ్మట రాబోవువానికి దారి తెలుపుటకే ఆయన అట్లు వ్రాసెను. భక్తికిని జిజ్ఞాసకును పగ లేదని ఆ గ్రంథము ఋజువు. నేడు మనలో నెవడైనను కడపకు పోయివచ్చి, తరువాత పోవువానికి ఉపయోగించు నాలుగు పంక్తులు వ్రాయుచున్నాడా?

మనము చేయుచున్నదేమో చూడుడు. గండికోటకు సెలవుదినములందు జనము విరుగబడి వచ్చుచున్నారు. పెన్నానది కొండను కోసిన లోయయొక్క అంచున నిలిచి బొమ్మ తీయించుకొనుచున్నారు. ఆ లోయ చూడదగినదే, కాదని ఎవరందురు? కాని అక్కడనే రంగనాథుని గుడియు, మాధవరాయని గుడియు, ఒకదానికొకటి కనబడునంత దూరమున జామియా మసీదును, ధాన్యపుకొట్టును ఉన్నవి. వచ్చినవారిలో ఒకరు గుడిని చూచి మసీదు మెట్లెక్కరు. ఒకరు మసీదును చూచి గుడివైపు తిరుగరు. పెక్కుమంది రెండింటిని విడిచి లోయకే పోవుదురు. ఆ ధాన్యపుకొట్టు ఎందుకు అంత పెద్దదిగా కట్టబడెనో, కఱవుసీమలో ముట్టడికి నిలిచిన కోటకు అన్నము ఎట్లు కూడబెట్టిరో ఆలోచించువాడు లేడు. గోడలమీద తమ పేళ్లను చెక్కి పోవువారు మాత్రము గలరు. అశోకుడు బండమీద ధర్మమును చెక్కించెను. మన చదువుకొన్న యువకులు తమ పేళ్లను చెక్కుచున్నారు.

ఈ సగపుచూపు అమాయకమైనది కాదు. దానినుండి రెండు అబద్ధములు పుట్టుచున్నవి. మొదటి అబద్ధము, ముస్లిము ప్రభువుల కాలమంతయు గుడులు కూల్చిన కాలమే యనునది. రెండవ అబద్ధము, ఆ కాలమున గుడికి ఏ హానియు జరుగలేదు, అందరు అన్నదమ్ములవలె నుండిరనునది. గండికోట రెంటిని కాదనుచున్నది. మీర్ జుమ్లా ఫిరంగులు పోతపోయించుటకు గుడులలోని రాగివిగ్రహములను ప్రోగుచేయించెననియు, గండికోట గుడిలోని ఆరు పెద్దవిగ్రహములు మాత్రము కరుగలేదనియు టావెర్నియరే వ్రాసెను. దీనిని దాచుటవలన మనకు మేలు లేదు. అది యుద్ధము, ఫిరంగికి లోహము కావలసెను, జయించినవాడు ఓడినవాని దేవుని కరగించెను. ఆ చేతిని మేము సమర్థింపము. కాని ఆ కోటలోనే గుడి గోపురము నేటికిని నిలిచియున్నది. ఒంటిమిట్టలో కోదండరాముని గుడియొద్ద ఒక ముస్లిము అధికారి త్రవ్వించెనని జనులు చెప్పు ఇమాంబేగు బావి నేటికిని ఉన్నది. ఒకే సీమలో విగ్రహము కరగించిన ఫిరంగియు, గుడికి నీరిచ్చిన బావియు ఉన్నపుడు పిల్లలకు రెండును చూపవలెను. ఒకదానిని చూపి రెండవదానిని దాచువాడు చరిత్ర చెప్పుటలేదు. పగనో, ముఖస్తుతినో అమ్ముచున్నాడు.

ఇంక మ్రొక్కుబడి సంగతి. కడప పెద్ద దర్గా ఉరుసునకు హిందువులును ముస్లిములును కలిసి వచ్చుట అందరెఱిగినదే. నెల్లూరులో మొహర్రం నెలయందు బారాషహీదు దర్గాయొద్ద స్వర్ణాల చెఱువులో రొట్టెల పండుగ జరుగుచున్నది. కోరిక తీరినవారు నీటిలో నిలిచి రొట్టె నిత్తురు. కోరిక గలవారు పుచ్చుకొందురు. చదువు రొట్టె, పెండ్లి రొట్టె, ఉద్యోగపు రొట్టె, సంతానపు రొట్టె యని ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క రొట్టె. ఈ దృశ్యమందు మేము మెచ్చుకొనదగినది ఒకటి గలదు. ఆ చెఱువులో రొట్టెనిచ్చు చేతి కులము ఎవరును అడుగరు. తమ ఇంటి వంటగది గడప ఇతరుని తొక్కనీయని గృహిణి, ఎన్నడు ఎఱుగని స్త్రీ చేతి రొట్టెను కన్నుల కద్దుకొని తినుచున్నది. ఇంత గొప్పపని ఆ చెఱువులో జరుగుచుండగా, అది ఒడ్డు చేరగనే ఆరిపోవుచున్నది. తడిబట్ట మార్చుకొన్నంత సులభముగా పాతబుద్ధిని మరల కట్టుకొని ఇల్లు చేరుచున్నాము. కోరిన ఉద్యోగము వచ్చినచో మరుసటియేడు రొట్టె నిచ్చుటకు జ్ఞాపకముండును. ఆ రొట్టెతో కూడ వచ్చిన సమానత్వమును ఇంటికి తీసికొనిపోవుటకు జ్ఞాపకముండదు. సరకును విడిచి సంచిని కొన్న బేరమిది.

బేరము ఇంతటితో ఆగినచో నవ్వి ఊరకుందుము. కాని అది ప్రాణముమీదికి వచ్చుచున్నది. మతిచలించిన బిడ్డను వైద్యునియొద్దకు కొనిపోక, గాలిసోకినదని దర్గాలచుట్టును గుడులచుట్టును త్రిప్పువారు మన చదువుకొన్న కుటుంబములందును ఉన్నారు. తాయెత్తు కట్టుట, విభూతి పూయుట, ఉపవాసముంచుట, ఏమియు ఫలింపనిచో కట్టివేయుట. తమిళదేశమున ఏర్వాడి దర్గా సమీపమందు ఇట్టి రోగులను ఉంచుటకు ప్రైవేటు వసతులు వెలసియుండెను. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అందొక వసతికి నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టబడిన రోగులు కదలలేక 28 మంది మరణించిరి. ఆ దర్గాలోని మహనీయుడు ఏ బిడ్డకును గొలుసు వేయుమనలేదు. వేసినవారు బేరగాండ్రు; ఒప్పుకొన్నవారు బంధువులు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. చట్టము వచ్చినది, బుద్ధి వచ్చినదా? ఇది ముస్లిముల దోషమని హిందువు వేలు చూపనక్కరలేదు. పట్టినదయ్యమును విడిపించుదుమను గుడులు మనకును గలవు. గొలుసు ఏ మతపు ఇనుముతో చేసినను గొలుసే.

సంతానపు మ్రొక్కునుగూర్చి వేరుగా ఒకమాట చెప్పవలెను. పెండ్లియై నాలుగేండ్లయినను కడుపు పండనిచో కోడలిని తీసికొని అత్తగారు క్షేత్రములు తిరుగుట మొదలిడును. రాతిచెట్టునకు ఊయల కట్టించును, తడిబట్టతో ప్రదక్షిణము చేయించును, దర్గాయందు రాత్రి నిద్ర చేయించును. మగనికి పరీక్ష చేయింపవలెనని మాత్రము ఆ ఇంటిలో ఎవరికిని తోచదు. తోచినను నోరు రాదు. సంతానలేమికి కారణము పురుషునియందును ఉండవచ్చునని వైద్యశాస్త్రము ఎన్నడో నిశ్చయించినది. పది మ్రొక్కులు మ్రొక్కినను ఒక వైద్యపరీక్షకు సమానము కావు. మ్రొక్కు పేరిట ఆ స్త్రీ నలుగురిలో తన కొరతను మోసికొని తిరుగుచున్నది. మగడు వెనుక సంచి మోయుచున్నాడు. దీనిని భక్తి యనుటకు మా కలము సమ్మతింపదు.

మాకు రాబోవు ఆక్షేపణలను మేమెఱుగుదుము. బీదలకు దర్గాయు గుడియు తప్ప ఓదార్పు ఎక్కడున్నది, దానినిగూడ మీరు లాగికొందురా యని కొందరందురు. మేము ఓదార్పును లాగికొనుటలేదు. దుఃఖించువాడు ఒక మహాత్ముని సమాధియొద్ద కొంతసేపు కూర్చుండి కన్నీరు విడిచి తేలికపడుటను తప్పుపట్టువాడు మనుష్యుడు కాడు. కాని ఓదార్పు వేరు, మందు వేరు. మందుకు బదులు ఓదార్పును అమ్ముట మోసము; కొనుట ప్రమాదము. అదియుగాక, ఆస్పత్రి దూరమై, వైద్యుడు లేక, రొక్కము చాలక దర్గాకు పోయిన బీదవానిని మేము నిందింపము. అట్టివానికి వైద్యుని సమకూర్పని ప్రభుత్వమును, సంఘమును నిందింతుము. మా వాదము కారులో దిగి, వైద్యుని రుసుము చెల్లింపగలిగియు తాయెత్తు కట్టించు గృహస్థునితో.

మరికొందరు, హిందువులు దర్గాకు పోవనేల, అది మనది కాదు గదా యందురు. సమాధిపూజ ఇస్లామునకు సమ్మతము కాదని చెప్పు ముస్లిములును గలరు. అది వారి ధర్మవిచారము, వారే తేల్చుకొందురు. హిందువుల ఆక్షేపణకు మాత్రము మేము జవాబు చెప్పెదము. కడపలో ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి ముస్లిము కుటుంబములు వచ్చి కొబ్బరికాయ కొట్టుట వాడుక. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచనియు, స్వామి తమ అల్లుడనియు వారి నమ్మిక. అల్లుని చూడవచ్చిన అత్తవారిని గడపలో నిలువుమందుమా? అనంతపురపు గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ముందు అగ్నిగుండమునకు హిందువులు వేలకొలది వచ్చుచున్నారు. పల్లెలలో పీర్ల పండుగకు సాయిబులు లేని ఊళ్లలోగూడ పీర్లను ఎత్తువారు గలరు. ఇది నేడు కొత్తగా కనిపెట్టిన మైత్రి కాదు. దీనిని కాదనువారే కొత్తవారు.

ఈ సీమయొక్క మహాత్ములు దేనికొరకు నిలిచిరో యాత్రికుడు ఎఱుగుట అవసరము. కడప మండలమున కందిమల్లాయపల్లెలోని బ్రహ్మముగారి మఠమునకు ఏటేట జనము పోవుచున్నారు. పోయినవారు కాలజ్ఞానమును గూర్చి అడుగుదురు: ఏమి జరుగబోవును, ఎప్పుడు జరుగబోవును? ఇదియు బేరమే, భవిష్యత్తును ముందుగా కొనజూచు బేరము. పోతులూరి వీరబ్రహ్మము విశ్వబ్రాహ్మణ గురువు. ఆయనకు ముఖ్యశిష్యుడు దూదేకుల సిద్దయ్య. ప్రత్తిని ఏకి దూది చేయు ముస్లిము కులమున పుట్టిన బాలుడు ఇతరమతపు గురువును ఆశ్రయించుట చూచి తల్లిదండ్రులు కలవరపడిరనియు, సిద్ధవటపు నవాబు పిలిపించి విచారించెననియు కథ గలదు. కథలోని అద్భుతములను విడిచిపెట్టుడు. మిగిలినది ఇంకను అద్భుతము: గురువు శిష్యుని కులమడుగలేదు, శిష్యుడు గురువు మతమడుగలేదు. ఈ సీమలో ప్రత్తి పండినది గనుక దూదేకులవారుండిరి; దారి యున్నది గనుక గురువు వచ్చెను; ఇద్దరును కలిసిరి. కాలజ్ఞానమందు రాబోవుదానిని వెదకువారు జరిగిపోయిన ఈ గొప్పకార్యమును చూడరు.

కాబట్టి మేము చదువుకొన్న గృహస్థులను, గృహిణులను కోరునది యిది. యాత్ర మానుడని మేము చెప్పము. తక్కువ ఊళ్లు చూడుడు, ఎక్కువసేపు చూడుడు. బయలుదేరుటకు వారము ముందు ఆ ఊరి చరిత్రను ఇంటిలో అందరు కూర్చుండి చదువుడు. కడపకు పోయినచో దేవుని కడపను, పెద్ద దర్గాను ఒకేదినమున చూడుడు. రెండింటికి నడుమ సి.పి. బ్రౌను పేరిట నున్న గ్రంథాలయమును చూచుట మరువకుడు. వేమన పద్యములను ఏర్చి 1829లో అచ్చువేయించిన ఆ దొర కడపలో పండితులను చేర్చి మన గ్రంథములను కాపాడినవాడు. దారి తెచ్చిన మనుష్యులలో ఆయనయు ఒకడు. కర్నూలులో కొండారెడ్డి బురుజుతో ఆగక, హంద్రీ ఒడ్డున గుమ్మటమువరకు నడువుడు. ఆదోని పోయినచో ప్రత్తి మార్కెట్టును, జామియా మసీదును జతగా చూడుడు. ఒకటి రెండవదానికి వెల యెట్లు సమకూర్చెనో పిల్లలచేత ఊహింపజేయుడు. గుత్తివైపు పోవువారు ఎర్రగుడి బండయొద్ద ఆగుడు. అచ్చటి చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును చెక్కబడియున్నవి. ఎడమనుండి తెలుగును, కుడినుండి ఉర్దూను వ్రాయు జనులు పక్కపక్కల నివసించు సీమకు అంతకంటె తగిన చేవ్రాలు దొరకదు.

స్త్రీలను వాకిట నిలిపి పురుషులు లోనికి పోవు చోటికి కుటుంబముతో పోవద్దు. పోయినచో అందరును వాకిటనే నిలువుడు. ముంబయిలో హాజీ అలీ దర్గా గర్భస్థానమునకు స్త్రీలు పోవచ్చునని 2016లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పినది. అదే యేడు శని శింగణాపురపు గుడియందును స్త్రీలకు ప్రవేశము లభించినది. రెండు మతముల తలుపులును ఒకే యేట తెఱవబడుటయే, అవి ఒకే చేతులచేత మూయబడియుండెననుటకు నిదర్శనము.

తుదకు మ్రొక్కునుగూర్చి. మ్రొక్కక మనసు నిలువనివారు మ్రొక్కుడు; కాని మ్రొక్కు చెల్లింపును మార్చుడు. వెండి ఊయలకును, జరీ చాదరునకును పెట్టు రొక్కముతో ఎండసీమలో ఒక చలివేంద్రము వేసవియంతయు నడచును. ఒక పల్లె బడికి పుస్తకములు వచ్చును. ఒక బీదరోగికి బస్సు ఖర్చును, మందును దొరకును. ఇమాంబేగు తన భక్తిని బావిగా త్రవ్వించెనని జనులు చెప్పుదురు. ఆ బావి నీరు త్రాగినవాడు త్రవ్వించినవాని మతమడిగి త్రాగెనా? అశోకుడు దారివెంట బావులు త్రవ్వించితినని ఈ నేల బండమీదనే చెక్కించెను. రెండువేలయేండ్ల వ్యవధిలో వేరు వేరు మతములవారు ఒకే పని చేసిరి. ఈ సీమ యాత్రికునికి నేర్పు ధర్మమిదియే.

పూర్వపు వర్తకుడు దూరదేశమునుండి వచ్చినపుడు గుఱ్ఱమునో, రత్నమునో, బట్టనో ఇచ్చి వెల పుచ్చుకొనెను. అది సరియైన బేరము. దానివలన పట్టణములు నిలిచినవి. మనము ఏమియు ఇయ్యక వరములు కోరుచున్నాము. దానివలన పట్టణములు చెత్తకుప్పలగుచున్నవి. బేరమే ఆడవలసియున్నచో పూర్వులవలె ఆడుదము. ఊరు మనకు చరిత్ర నిచ్చును. దానికి బదులు ఒక బిందెడు నీరైనను దారిలో పెట్టిరావలెను. అట్లు పెట్టివచ్చినవాని ప్రయాణమునకే యాత్రయను పేరు చెల్లును.